గుగ్గులుపై వెచ్చించిన ధనము



ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొని అవి గట్టిపడెడి వ్యాధికి మందు వెదకువారికి తొలిమెట్టుననే ధనము దొరకుట దుర్లభము. ఫలితము రూఢియైన పిమ్మట కంపెనీలు తామే ముందుకు వచ్చును. ఏమియు తేలని దశలో వ్యయభారము తరచుగా ప్రభుత్వ ఖజానాపై పడును. మన దేశమున ఇందులకు మంచి నిదర్శనము గుగ్గులు.

రాజస్థాన్, గుజరాత్ మెట్టభూములలోని ఒక ముండ్లపొద నుండి కారెడి బంక యిది. తెలుగువారు మహిసాక్షి యందురు. సుశ్రుత సంహిత దీనిని మేదోరోగమునకు ఔషధముగా పేర్కొన్నది. ఆ మాట ఆధారముగా కాశీ హిందూ విశ్వవిద్యాలయమున డాక్టరు జి.వి. సత్యవతి కుందేళ్ళపై పరీక్షలు జరిపి, రక్తములోని కొలెస్టరాలు తగ్గుటను 1966లో తమ సిద్ధాంత వ్యాసమున చూపిరి. లక్నోలో 1951లో నెలకొల్పబడిన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ బంకనుండి సారమును వేఱుచేసి, మోతాదు నిర్ణయించి, విషగుణములు గలవేమోనని శోధించినది. 'గుగులిపిడ్' అను పేర 1986లో దానికి అనుమతి లభించినది. సిద్ధాంత వ్యాసము మొదలు మందుబిళ్ళ వఱకు ఇరువది యేండ్లు! ఏటేట పద్దులు తిరిగి పరిశీలించెడి కార్యాలయ పద్ధతిలో ఇంతటి ఓర్పు నిలుచుట సామాన్యము కాదు.

కాని కథ అచ్చట ముగియలేదు. 1989లో ప్రకటితమైన పరీక్ష 205 మందిపై 12 వారములు జరిగినది. వారిలో అధిక సంఖ్యాకులకు కొలెస్టరాలు తగ్గినది. 2003లో ప్రకటితమైన అమెరికా పరీక్షలో 103 మందిని 8 వారములు చూడగా, చెడ్డ కొలెస్టరాలు తగ్గకపోగా కొంత పెరిగినది. రెండింటను కొలిచినది రక్తమునే. ధమని గట్టిపడుట ఆగినదా, గుండెపోటు తప్పినదా యని తెలిసికొనుటకు వారములు చాలవు. స్టాటిన్ మందు విషయమున స్కాండినేవియా దేశములలో 4,444 మందిని అయిదేండ్లకు పైగా గమనించి, మరణములు తగ్గినవని 1994లో తేల్చిరి. గుగ్గులుకు అట్టి పరీక్ష జరుగలేదు. తొలి మెట్టునకు ధనమిచ్చి నడిమెట్టున ఆగినచో, పెట్టిన ధనము దండుగయో కాదో చెప్పుటకు ఆడిటరుకు సైతము వీలుండదు.

పూర్తిగా దండుగ యనుట మాత్రము అన్యాయము. గుగ్గులులోని పదార్థము కాలేయమున పైత్యరసపు ఆమ్లములను అదుపుచేసెడి ఒక గ్రాహకమును అడ్డగించునని 2002లో కనుగొనిరి.

ఈలోగా ఆ పొదయే అంతరించు జాతులలో చేరినది. బంక కొఱకు మితిమీరి గాట్లు పెట్టుటచే మొక్క చచ్చుచున్నది. మఱల పరిశోధనకు పద్దు వ్రాయువారు మొక్కల పెంపకమునకును ఒక పద్దు చేర్చవలసి యుండును.