పొలం చూపించే పని మనదే

(ములుగులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడవలసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చి, సెలవులకు వచ్చే మనుమలతో కాలం గడపడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒకే ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. మన మనుమలను, మనుమరాళ్ళను ఒక రోజు పొలానికి తీసుకుపోవాలి. తీసుకుపోయేది మనమే అయి ఉండాలి.

ఈమధ్య నగరాల చుట్టుపక్కల పిల్లల కోసం పొలం ప్రదర్శనలు పెడుతున్నారు. టిక్కెట్టు కొనుక్కొని కుటుంబమంతా పోతారు. పిల్లలు కుందేళ్ళకు ఆకులు పెడతారు, లేగదూడను నిమురుతారు, ఎడ్లబండి ఎక్కి ఫొటో దిగుతారు. కొందరు పెద్దలు దీన్ని ఎగతాళి చేస్తారు. నేను చేయను. మన కాలంలో మనమూ పిల్లలను హైదరాబాదు నుమాయిష్‌కు తీసుకుపోయిన వాళ్ళమే. 1938లో మొదలైన ఆ ప్రదర్శన చూడడానికి జీతం రాళ్ళలోంచి కొంత దాచుకున్నాం. చూసి సంతోషించడంలో తప్పు లేదు. చూసినదాన్ని విడమరచి చెప్పే మనిషి పక్కన ఉన్నాడా లేడా అన్నదే నా ప్రశ్న.

వ్యవసాయాన్ని పిల్లల ముందు పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1902లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే పాఠశాలల అధికారి పల్లె పిల్లలతో ఒక సంఘం పెట్టాడు. పిల్లలు స్వయంగా మొక్కజొన్న, కూరగాయలు పండించాలి, ఫలితం అందరికీ చూపించాలి. తరవాత అదే ఫోర్ హెచ్ అనే పెద్ద ఉద్యమంలో భాగమయింది. అప్పట్లో ఆ దేశపు వ్యవసాయ శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. కొత్త పద్ధతి చెబితే పెద్దలు ఒక పట్టాన ఒప్పుకోరు. పిల్లలు చేసి చూస్తారు, వాళ్ళను చూసి తల్లిదండ్రులు నేర్చుకుంటారు. ఇంగ్లండులో 2006 నుంచి ఏడాదికొక ఆదివారం రైతులు తమ పొలాల గేట్లు తెరిచి కుటుంబాలను లోపలికి ఆహ్వానిస్తున్నారు. అన్నం ఎక్కడి నుంచి వస్తుందో తెలియని తరం ఒకటి తయారవుతున్నదన్న దిగులు అక్కడా ఉంది.

మనకు అంత దూరం పోనక్కరలేదు. జ్యేష్ఠ మాసంలో వచ్చే ఏరువాక పున్నమి మన పిల్లల పొలం పండుగే. ఎడ్లను చెరువులో కడగడం, కొమ్ములకు రంగులు పూయడం, మెడలో గంటలు కట్టడం మనం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఎడ్లు లేవు. ట్రాక్టరుకు బొట్టు పెట్టి దున్నకం మొదలుపెడుతున్నారు. కాలం మారింది, అందుకు నొచ్చుకోవలసింది లేదు. అయితే ఆనాడు ఎవరూ నేర్పకుండా వచ్చిన తెలివి ఇప్పుడు ఎవరో ఒకరు పూనుకొని చెబితే తప్ప రాదు.

వరంగల్‌లో ములుగు రోడ్డు మీద వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న సంగతి మీకు తెలిసిందే. మనం బస్సులో ఎన్నోసార్లు దాని ముందునుంచి వచ్చిపోయాం. వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి అనే వరి రకాలు అక్కడ పుట్టినవే. విత్తనాల సంచి మీద డబ్ల్యూజీఎల్ అన్న అక్షరాలు కనిపిస్తే అది మన వరంగల్ పేరే. అక్కడ కిసాన్ మేళా పెట్టినప్పుడు ఒకసారి మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలతో మేమిద్దరం పోయాం. సద్దులు కట్టుకొని పొద్దున్నే బయలుదేరాం.

మనుమడు మందు చల్లే డ్రోను దగ్గరికి పరుగెత్తాడు. మనుమరాలు వరి కంకుల కట్టల దగ్గర నిలబడి, "తాతా, ఇందులో బియ్యం ఏవి?" అని అడిగింది. అక్కడున్న యువ శాస్త్రవేత్తను అడిగి నాలుగు గింజలు తీసుకున్నాను. మా ఇంటావిడ వాటిని అందుకొని గోటితో ఒలిచి, ఊదింది. పొట్టు ఎగిరిపోయి బియ్యపు గింజలు అరచేతిలో మిగిలాయి. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకొని చూసింది. అప్పుడు మా ఆవిడ రోలు రోకలి సంగతి, చాటతో చెరగడం, కుంచాలతో కొలవడం చెప్పుకొచ్చింది. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు అని లెక్క అప్పజెప్పింది. తనకు పన్నెండేళ్ళప్పుడు తల్లి వెంట మోకాలి లోతు బురదలో నాటు వేశానని చెప్పింది. పిల్లలే కాదు, మా అబ్బాయి కూడా ఆ మాట వినడం అదే మొదటిసారి. నలభై ఏళ్ళు వచ్చిన కొడుకుకు తల్లి నాటు వేసిన మనిషని తెలియదు. మేళాలో స్టాళ్ళన్నీ తిరిగినా ఈ సంగతి దొరికేది కాదు.

అందుకే, మిత్రులారా, ప్రదర్శనకు పోయిరావడంతో పని పూర్తి కాదంటున్నాను. అక్కడి నుంచి అసలు పొలానికి పోవాలి. ఆ భాగ్యం మన ములుగు వారికి ఉన్నంతగా అందరికీ లేదు. వెంకటాపూర్ మండలం పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దేశదేశాల వాళ్ళు వచ్చి చూస్తున్నారు. గుడి దగ్గర్లోనే ఉన్న రామప్ప చెరువు కట్ట ఎక్కి, తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడ దుంకుతుంది, ఏ కాలువ ఏ ఊరికి పోతుంది అని అడిగేవాళ్ళు తక్కువ. లక్నవరంలోనూ అంతే. వేలాడే వంతెన మీద ఫొటో దిగి తిరిగిపోతారు. కాకతీయుల నాటి ఆ చెరువు కింద పచ్చగా పారుతున్న పొలాలే కదా దాని అసలు ప్రదర్శన! తూముకు, మత్తడికి తేడా చెప్పగలిగిన వాళ్ళు ఈ హాలులో ఎంతోమంది ఉన్నారు. మన పిల్లల్లో ఎంతమంది ఉన్నారో ఎవరి ఇంట్లో వారు లెక్క వేసుకోవచ్చు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మనలో చాలామందికి సొంత ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంది. ఉద్యోగాల వల్ల కౌలుకిచ్చాం. ఆ మడి ఏ దిక్కున ఉందో మన మనుమలకు తెలియదు. దాన్ని ఏళ్ళ తరబడి దున్నుతున్న కౌలుదారు ముఖం వాళ్ళు చూడలేదు, ఆయన వీళ్ళను చూడలేదు. మన తదనంతరం ఆ భూమి కాగితం మీద ఒక సర్వే నంబరుగా వాళ్ళ చేతికి వస్తుంది. ఉంచుకోవడమా, అమ్మడమా అన్నది వాళ్ళ ఇష్టం. దానికి మనం అడ్డు చెప్పలేం. కానీ గట్టు మీద ఒక్కసారైనా నడిచి, కౌలుదారు ఇంట్లో మంచినీళ్ళు తాగిన పిల్లవాడు రేపు ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు అవతల ఒక కుటుంబం ఉందని గుర్తుంచుకుంటాడు. నాకు ఆ మాత్రం నమ్మకం ఉంది.

పిల్లలకు ఉపన్యాసాలు నచ్చవు, లెక్కలు ఇవ్వండి. నాటు పద్ధతిలో ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం పడుతుంది. సాంబ మసూరి లాంటి రకం చేతికి రావడానికి దాదాపు 150 రోజులు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం రావాలన్నది ప్రభుత్వ లెక్క. 2025-26 వానాకాలానికి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే కిలో వడ్లు 23 రూపాయల 69 పైసలు. చేతిలోని చిప్సు పాకెట్టు మీద ధర, బరువు చదివి కిలో ఎంతకు పడిందో కట్టమనండి. కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం చూపించండి. 17 శాతం మించితే రైతు మళ్ళీ ఆరబోసుకోవలసిందే. ఆ మధ్యలో వాన పడితే ఏమవుతుందని పిల్లలే అడుగుతారు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. రైతును ముందుగా అడిగి, ఆయనకు తీరిక ఉన్న పూట పోవాలి. చేలో దిగకుండా గట్టు మీదనే నడవాలి. కోత మిషను ఆడుతున్నప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. మోటారు తీగలు, గట్టు లేని బావులు, కొత్తగా మందు కొట్టిన చేలు ఉన్న వైపు పోవద్దు. చెప్పులు కాకుండా బూట్లు వేయించండి. ఎండాకాలమైతే పొద్దున పది గంటలలోపే ముగించుకోండి. మన బీపీ, షుగరు మాత్రలు మరచిపోకండి. రైతు ఇంటికి పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు. నాలుగు పండ్లు తీసుకుపోండి.

చివరగా సంఘానికి ఒక మనవి. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిస్తారు. అప్పటికి యాసంగి కోతలు సాగుతుంటాయి. ఒక ఉదయం సభ్యులందరం మనుమలతో కలిసి రామప్ప చెరువు కట్ట మీదికి పోదాం. తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట పొలం దాకా, అక్కడి నుంచి కొనుగోలు కేంద్రం దాకా నడుద్దాం. నీటిపారుదల శాఖలో చేసినవారు చెరువు గురించి, వ్యవసాయ శాఖలో చేసినవారు పంట గురించి, రెవెన్యూలో చేసినవారు పహాణీ గురించి, పశువైద్య శాఖలో చేసినవారు బర్రెల గురించి చెప్పవచ్చు. ఉపాధ్యాయులకు చెప్పడం ఎలాగో వేరే చెప్పనక్కరలేదు. సోదరీమణులు తప్పక రావాలి. నాటు, కలుపు, చెరగడం గురించి చెప్పవలసింది వారే. పెద్ద ఖర్చు లేదు, ఏ శాఖ మంజూరూ అక్కరలేదు. వచ్చేవారు ఈ సమావేశం ముగిసేలోగా కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి. మొదటి పేరు నాది, పక్కన మా ఇంటావిడది రాసుకోమని కోరుతున్నాను.