మెట్లు దాటిన తీగ



గిటార్ గురించి చెప్తానని వచ్చి మాండలిన్ శ్రీనివాస్ పేరెత్తుతున్నానేమిటని అనుకోకండి. గిటార్‌కూ మాండలిన్‌కూ చిక్కు ఒకటే. మెట్లున్న వాద్యంలో స్వరం మెట్టుకు మెట్టు దూకుతుంది, జారదు. అమెరికా దక్షిణాది రాక్‌లో పేరుమోసిన డ్యూయేన్ ఆల్‌మన్ మందుబిళ్లల గాజుసీసా వేలికి తొడుక్కుని తీగల మీద జరిపేవాడు. అప్పుడు గిటార్ మనిషిలా ఏడ్చేది. 1971లో, 24 ఏళ్లకే మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు.

అదే చిక్కును మరో దారిలో దాటిన మన శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. మొదట్లో పాశ్చాత్య సంగీతం నేర్పింది గిటారిస్టు వాసూరావు. తరువాత గురువు రుద్రరాజు సుబ్బరాజు. కర్ణాటక గాయకుడైన చెంబై వైద్యనాథ భాగవతార్‌కు శిష్యుడీయన. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు! కృతి పాడేవాడు, పిల్లవాడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. అదే మేలయిందంటాను నేను. వేళ్లెక్కడ పెట్టాలో చెప్పేవాళ్లుంటే ఆ వాద్యం ఇంతవరకే పలుకుతుందని కూడా చెప్పేసేవాళ్లు.

తోడి రాగమే తీసుకోండి. అందులో గాంధారమనే స్వరం ఒకచోట నిలబడదు, ఊగాలి; ఆ ఊపే గమకం. మామూలు మాండలిన్‌లో నాలుగు జతల తీగలు; మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. సినిమా పాటల్లో ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ వణికించేది అందుకే. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాదం నిలిచింది కాబట్టి ఒక్క మీటుతోనే వేలు జార్చి గమకం పూర్తి చేయగలిగాడు.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు. కరెంటు వాద్యానికి కర్ణాటక సంగీతమేమిటని ముఖం చిట్లించినవాళ్లున్నారు. వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందేనని వాళ్లకు గుర్తులేదు కాబోలు. 1983లో, 14 ఏళ్లకు బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ. ఆపైన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. అక్కడ గిటార్ ఒక మాటంటే మాండలిన్ రెండనేది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశాడు, 45 ఏళ్లకే.

ఇక నా మాటలు చాలు. తోడి ఆలాపన వినిపిస్తాను, గాంధారం దగ్గర చెవి పెట్టండి. మైకు తమ్ముడూ, కాస్త సౌండ్ పెంచు.