గెలిచినా అందని పై మెట్టు
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సభలో కారు పందేల మాటెందుకని మీకు అనిపించవచ్చు. ఆడా మగా ఒకే పందెంలో పోటీపడే కొద్ది ఆటల్లో ఇదొకటి. స్త్రీలు రాకూడదనే నిబంధన ఏదీ లేదు. అయినా ఫార్ములా వన్ ప్రపంచ పోటీల్లో పాయింటు సంపాదించిన స్త్రీ ఇప్పటికీ ఒక్కతే: 1975లో ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి. అదీ అర పాయింటు!

అక్కడికి చేరాలంటే ఫార్ములా 4, 3, 2 అనే మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా సీటుకు డబ్బు కట్టాలి. స్పాన్సర్లను డ్రైవరే వెతుక్కోవాలి.

బ్రిటన్‌కు చెందిన జేమీ చాడ్విక్‌నే చూడండి. 2018లో బ్రిటిష్ ఫార్ములా 3 పందెం గెలిచిన మొదటి స్త్రీ ఆమె. 2019 ఫిబ్రవరిలో మన చెన్నైలో ముగిసిన ఎం.ఆర్.ఎఫ్. ఛాలెంజ్‌ను మగవాళ్లతో పోటీపడి గెలిచింది. ఆ ఏడాదే స్త్రీల కోసం డబ్ల్యూ సిరీస్ మొదలైంది. అందులో డ్రైవర్లు డబ్బు కట్టనక్కరలేదు. 2019, 2021, 2022లలో ఆమే విజేత. అయినా అంతర్జాతీయ ఫార్ములా 3లో సీటు దొరకలేదు. 2023లో అమెరికా పందేలకు వెళ్లింది. 2022లో నిధుల్లేక మధ్యలో ఆగిన డబ్ల్యూ సిరీస్ మళ్లీ నడవలేదు.

2023లో ఎఫ్1 అకాడమీ వచ్చింది. 2024 విజేత ఆబీ పుల్లింగ్‌కు మరుసటి ఏడాది జీబీ3 పందేల్లో ఖర్చంతా భరించి సీటిచ్చారు. తేడా ఇక్కడుంది.

మనమూ శిక్షణ పొందిన స్త్రీల సంఖ్యను నివేదికల్లో రాస్తాం. వాళ్లు పై మెట్టు ఎక్కడానికి డబ్బెవరు పెడతారన్నది కూడా అడగాలని నా విజ్ఞప్తి.