కంప్యూటరుకు మన మాట ఎలా అర్థమవుతుంది?

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల డెబ్బదియైదేండ్ల చరిత్రను పెద్దలు చక్కగా వివరించారు. దానినే తిరిగి చెప్పి మీ సహనాన్ని పరీక్షించను. ఈ మధ్య పిల్లలు నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. "టీచర్, ఫోను తెలుగును తమిళంలోకి మారుస్తున్నది గదా, దానికి తెలుగు వచ్చినట్లేనా?" నేను తెలుగు పాఠాలు చెప్పినదాననే గాని యంత్రవిద్య చదివినదానను గాను. అయినా ప్రశ్న మాటకు, అర్థానికి సంబంధించినది కనుక తప్పించుకోలేకపోయాను.

ముందు నా పొరపాటు ఒకటి చెబుతాను. చాలా ఏండ్ల క్రిందట ఒక బాలుని చదువు విషయమై వాని తల్లికి చీటీ పంపాను: "మీరు ఒకసారి పాఠశాలకు రావడం చాలా అవసరం." కాశిమేడులో చేపల బుట్ట పక్కనున్నవారికి అప్పగించి, ఆమె ఎండలో పరుగెత్తుకొని వచ్చింది. "బిడ్డకేమైంది టీచరమ్మా?" అన్న మాట తప్ప ఆమె నోట మరొకటి రాలేదు. తమిళంలో 'అవసరం' అంటే తొందర. తిరువొత్తియూరులో పుట్టి పెరిగిన ఆ తల్లికి తెలుగు మాటలో తమిళ అర్థమే స్ఫురించింది. బిడ్డను కళ్ళారా చూచిన తరువాత గాని ఆమె గుండెదడ తగ్గలేదు. యంత్రానికైతే అలా చూచి దిద్దుకొనే బిడ్డ లేడు. దానికున్నవి మాటలే.

నిజానికి మాటలు కూడా లేవు, అంకెలే ఉన్నవి. ప్రపంచ లిపులన్నిటికీ స్థానాలు కేటాయించే యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడినప్పుడే తెలుగుకు చోటు దొరికింది. అందులో మన 'క' సంఖ్య 3093. అయితే అది అక్షరానికి గుర్తే గాని అర్థం కాదు. అర్థాన్ని పట్టుకొనడానికి పండితులు మొదట వ్యాకరణాన్ని ఆశ్రయించారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, 1990 దశకంలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కొనసాగిన 'అనుసారక' అటువంటిదే. తెలుగు, కన్నడ, మరాఠీ, బెంగాలీ, పంజాబీ వాక్యాలను హిందీ చదువరికి అందించడం దాని ఉద్దేశం. ఆ కృషి వెనుకనున్న వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారలు పాణినీయ దృష్టితో 1995లో ఒక గ్రంథమే ప్రకటించారు. రాముడు సీతను చూచెను, సీతను రాముడు చూచెను: పదాల వరుస మారినా 'ను' అనే ప్రత్యయం కర్మ ఎవరో చెప్పివేస్తుంది. సుమారు ముప్పై ఏండ్లుగా విభక్తులు వల్లె వేయించిన నాకు ఈ పద్ధతిపై పక్షపాతం ఉంటే క్షమించాలి. ఇక్కడా చిక్కులున్నవి. నేనిప్పుడు చేస్తున్నది ఉపన్యాసం. ఆ మాటను అలాగే హిందీలో దింపితే, నేను నవల చదువుతున్నానని అక్కడివారు అనుకొంటారు!

రెండవ మార్గం వేరు. లాహోరులో ఆంగ్లాచార్యులుగా పనిచేసి, తరువాత 1937లో తెలుగు, గుజరాతీ భాషల పరిశీలనకు మరల మన దేశం వచ్చిన జె.ఆర్. ఫర్త్ అనే భాషావేత్త, మాట అర్థం దాని పక్కనుండే మాటలను బట్టి తెలుస్తుందని ప్రతిపాదించారు. ఇప్పటి యంత్రాలు నడిచేది ఇంచుమించు ఆ బాటలోనే. కోట్లకొలది వాక్యాలు చదివి, ప్రతి మాటకు కొన్ని వందల సంఖ్యల పట్టిక కట్టుకొంటవి. ఆవు, పొయ్యి, టీ పక్కన వచ్చే 'పాలు' పట్టిక 'పెరుగు' పట్టికకు దగ్గరగా ఉంటుంది. అన్నదమ్ములు, ఆస్తి పక్కన వచ్చే 'పాలు' మాట ఏమిటి? 2013లో ప్రసిద్ధికెక్కిన పద్ధతిలో ఒక మాటకు ఒకే పట్టిక. పాలు, వాటా అందులో కలగాపులగమయ్యేవి. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం వాక్యం మారినప్పుడల్లా ఇరుగుపొరుగు మాటలను చూచి పట్టికను క్రొత్తగా లెక్కగడుతుంది. ఇట్టి పద్ధతితోనే మన నగరంలోని ఐ.ఐ.టి.కి చెందిన ఏఐ4భారత్ బృందం 2023లో ఇండిక్‌ట్రాన్స్2 అనే అనువాద సాధనం విడుదల చేసింది. రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ అది పనిచేస్తుంది. దానికి మేతగా సుమారు 23 కోట్ల వాక్యాల జంటలు సమకూర్చారు.

ఆ కోట్లలో మన వీధి తెలుగు ఎంత ఉన్నదో ఆలోచించండి. మా విద్యార్థిని ఒకతె "మామ అవసరంగా బయలుదేరినాడు" అని వ్రాసి, ఫోనులో తమిళంలోకి మార్పించింది. మామ 'తేవై' కొద్దీ, అనగా పని ఉండి బయలుదేరాడని వచ్చింది. 'అవసరం' అనే మాటనే ఉంచివేస్తే తమిళంలో సరిపోయేది! పుస్తకాల తెలుగు ప్రకారం యంత్రం చేసింది తప్పు కాదు. తిరువొత్తియూరు తెలుగు దానికెవరూ చదివించలేదు, అంతే. దానిని నిందించడానికి నాకు నోరు రాలేదు. అదే వాక్యం క్రింద నేను ఎర్రసిరాతో గీత గీసి, 'తొందరగా' అని దిద్ది ఉన్నాను. ఇన్నేండ్లలో అలా ఎన్ని గీతలు గీశానో!

పరీక్షలో ప్రామాణిక భాషే వ్రాయాలి. ఆ మాట ఇప్పటికీ చెబుతాను. కాని నిరుటి నుండి ఎనిమిదవ తరగతి పిల్లలచేత మరొక పని కూడా చేయిస్తున్నాను. ఇంట్లో అవ్వ, తాత, మేనమామ పలికిన మాటలను పలికినట్లే వ్రాసి తేవాలి. విడి మాట తెస్తే ఒప్పుకోను. పూర్తి వాక్యం ఉండాలి, ఎవరు ఎప్పుడు అన్నారో ఉండాలి, దాని క్రింద ఆ భావమే పుస్తకాల తెలుగులోను, తమిళంలోను వ్రాయాలి. రెండు నోటుపుస్తకాలు నిండినవి. వలలకు, పడవలకు, గాలివాటానికి సంబంధించిన మాటలు ఇంకా తక్కువగా ఉన్నవి. పూర్వ విద్యార్థులలో సముద్రం పనివారి ఇళ్ళవారు చాలామంది ఉన్నారు. మూడవ నోటుపుస్తకం తెలుగు గదిలో, కిటికీ పక్క బల్లమీద పెట్టించాను. భోజనాలకు పోయే ముందు తలా ఒక వాక్యం వ్రాసి పోగలరు.