నల్లమల కాలిబాటలో ఒక పగలు



శ్రీశైలమునకు నేడు బస్సులు పలు దిక్కులనుండి పోవుచున్నవి. అయినను మహాశివరాత్రికిని, ఉగాదికిని వేలకొలది జనులు మూటలు భుజమున వేసికొని నల్లమల యడవిత్రోవనే నడచుచున్నారు. ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురము మొదలు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారము ఆ త్రోవలోని మజిలీలు. మొత్తము మూడామడలకు పైమాటయే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమని యొక భాగమునే యీ కొండకు వినియోగించెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. 1830లో చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యయు ఈ కొండను దర్శించియే ముందునకు సాగెను. చరిత్ర యింతటితో చాలును. మీయూరి జట్టు బయలుదేరునపుడు పెద్దరికము మీమీదనే పడును గనుక, నాగలూటినుండి పెచ్చెరువునకు నడచు ఒక్క పగటిని గూర్చి చెప్పెదను.

నాగలూటి వీరభద్రస్వామికి మ్రొక్కి, తెల్లవారగానే కదలవలెను. అంతకు ముందు కదలరాదు. ఈ యడవి 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. చిరుతలకును, ఎలుగులకును కూడ ఇది నెలవే. అటవీశాఖవారు త్రోవ తెరచిన దినములలో, పగటివేళ, గుంపుగా నడచుటయే క్షేమము. చెంచువారు వెంట నున్నచో వారి మాట వినుడు. మల్లన్న తమ యింటి యల్లుడని వారి నమ్మకము. అడవి వారి పుట్టినిల్లు.

మాఘమాసపు టెండ చల్లనిదని కొందరనుకొందురు. నల్లమలలో నట్లు కాదు. ఆ నాటికి చెట్లు చాలవరకు ఆకు రాల్చియుండును. మద్దియు, ఏగిసయు, నారవేపయు మోడులై నిలుచును. నీడ కావలసిన వేళకే నీడ యుండదు. కాళ్లక్రింద ఎండుటాకులు మోకాలిలోతున పడియుండును; ఒక చుట్టముక్క చాలును, కొండ యంతయు తగులబడుటకు. కావున త్రోవలో పొయ్యి పెట్టరాదు. జొన్నరొట్టెలు, శెనగకారము, అటుకులు, బెల్లము కట్టుకొనిపోయినచో పొయ్యితో పనియే లేదు.

ఇక మూట. మనిషి బరువులో అయిదవ వంతునకు మించి మోయరాదు. ముసలివారికి అందులో సగమే మిక్కిలి. నీరు మాత్రము తగ్గింపరాదు. ఎవరి నీరు వారియొద్దనే యుండవలెను. ఒకమారు మా జట్టులో పండ్రెండుగురము. బలవంతులని నీళ్ల బిందెలు ఇద్దరు కుర్రవాండ్ర కిచ్చిరి. వారు ఉత్సాహముతో అరక్రోసు ముందు నడచిపోయిరి. వెనుక అరువదియైదేండ్ల పెద్దమ్మ యొకతె, ఉపవాసము, వట్టికాళ్లు. మధ్యాహ్నమునకు ఆమె మాట తడబడెను. త్రోవ విడిచి పొదలవైపు నడువసాగెను. ఒక బండనీడను కూర్చుండబెట్టి, వేరొక జట్టువారిని నీరడిగి, చీరకొంగు తడిపి మెడమీదను చంకలలోను ఉంచి విసరితిమి. తెలివి తెలిసిన పిమ్మట ఉప్పు, బెల్లము కలిపిన నీరు గుక్కగుక్కగా పట్టితిమి. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు సుమా! అది ఊపిరితిత్తులలోనికి పోవును.

"ఉపవాసము చెడెనే" యని యామె కంట నీరు పెట్టుకొనెను. జట్టులోని యొక ముదుసలి, "అమ్మా, మల్లన్న నెత్తిమీద గంగ యున్నది. నీరు త్రాగినవారిమీద ఆయనకు కోపమెందుకు?" అనెను. ఆమె నవ్వెను. ఆ పూట మరి రెండు చెంబులు త్రాగెను. కఠినోపవాసము చేయదలచినవారు కొండ చేరిన పిమ్మట చేయుదురు గాక. నడచు దినమున నీటినుపవాసము కూడదని నా గట్టి యభిప్రాయము. పెద్దలు ముందుగా చెప్పనిచో ఆడువారు దాహమైనను నోరు విప్పరు.

నాటి మధ్యాహ్నము మొదలు ఏర్పాటు మారెను. అందరికంటె మెల్లగా నడచు మనిషి ముందు, ఆమె నడకయే అందరి నడక. త్రోవ తెలిసిన పెద్ద అందరికిని వెనుక. కుర్రవాండ్రు గొణిగిరి. కాని గంటకొకమారు కూర్చుండుచు, దుమ్ము తుడుచుకొనుచు, ప్రొద్దు వాలకముందే పండ్రెండుగురమును పెచ్చెరువు చేరితిమి. ముందుగా పరుగెత్తిన వేరొక జట్టువారు చీకటి పడువరకు తమవారికై పేరుపేరున కేకలు వేయుచుండిరి.

మజిలీ చేరగానే తలలు లెక్కింపుడు. పిదప అందరి పాదములు చూడుడు. బొబ్బ యెత్తినచో చిదుమక, కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టుడు. తినిన కాగితములును, ప్లాస్టికు సంచులును మూటలోనే వేసికొనుడు. జింకలు వానిని మేసి చచ్చును.

మరునాడు భీముని కొలను లోయ. దిగునపుడు మోకాళ్లకును, కైలాసద్వారమున కెక్కునపుడు గుండెకును పరీక్ష. కావున పెచ్చెరువున నిద్రకు ముందే మూటలన్నియు విప్పి, ముసలివారి బరువు పడుచువారికి పంచుడు. రొట్టెలు తరిగియుండును గనుక ఆ రాత్రి యెవరును కాదనరు.