పేరు పెట్టి పిలుద్దాం
(బళ్లలో, హాస్టళ్లలో పిల్లల మధ్య వేధింపుల గురించి చేసిన ప్రసంగ పాఠం)

 

"పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అని సంఘం వాళ్లు అడిగారు. మార్కుల గురించి, సీట్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రీ పగలూ పిల్లల మధ్యనే ఉండే మేము ఇంకో సంగతి చెప్పదలచుకున్నాము. మన పిల్లలు చదువు మానేసేది లెక్కలు రాకనో, ఇంగ్లీషు రాకనో మాత్రమే కాదు. ఒక్కోసారి ఒక మాట పడలేక మానేస్తారు.

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం, ఏ హాస్టలు వార్డెన్లం కలిసి కూర్చున్నా ఒకే మాట వస్తుంది. దసరాకో సంక్రాంతికో ఇంటికి పోయిన బిడ్డ తిరిగి రాదు. ఫోన్ చేస్తే "కడుపు నొప్పి మేడం" అంటారు. ఇంకో వారం పోయినాక చేస్తే "వాళ్ల నాయన బెంగళూరికి పనికి పోతా పిలుచుకొని పోయినాడు" అంటారు. ఇంటికి పోయి, గడప దగ్గర కూర్చొని, ఒకటికి రెండుసార్లు మెల్లగా అడిగితే అప్పుడు బయటపడుతుంది: "వాళ్లు నన్ను పేరు పెట్టి పిలవరు మేడం. ఆ మాటతోనే పిలస్తా ఉండారు. నేను రాను." రిజిస్టరులో మాత్రం ఆ బిడ్డ పేరు పక్కన "కుటుంబం వలస" అని ఉంటుంది.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. పిల్లలన్నాక ఎగతాళి చేసుకోరా? చేసుకుంటారు. ఈ రోజు వీడు వాణ్ని అంటాడు, రేపు వాడు వీణ్ని అంటాడు, సాయంత్రానికి ఇద్దరూ కలిసి కబడ్డీ ఆడతారు. అది స్నేహం. వేధింపు వేరు. నార్వేలో దశాబ్దాలపాటు ఈ విషయం మీదే పనిచేసిన డాన్ ఒల్వేయస్ అనే పరిశోధకుడు దానికి మూడు గుర్తులు చెప్పాడు. ఒకటి, కావాలని చేయడం. రెండు, మళ్లీ మళ్లీ చేయడం. మూడు, చేసేవాళ్ల బలం ఎక్కువై, పడేవాళ్లు ఎదురు చెప్పలేకపోవడం. మన పెద్దలు దీన్నే ఒక్క సామెతలో చెప్పారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. "ఊరికే ఎగతాళికి అన్నాము మేడం" అని పిల్లలు చెప్పినప్పుడు మేము ఒకటే అడుగుతాము. "నువ్వు నవ్వినావు సరే. వాడు నవ్వినాడా?"

మన పిల్లల విషయంలో వేధింపు అంటే దెబ్బలు తక్కువ, మాటలు ఎక్కువ. జాతి పేరునే తిట్టుగా మార్చి పిలవడం. ఎరుకల పిల్లలో, సుగాలి పిల్లలో తమ ఇంటి భాషలో మాట్లాడుకుంటే ఆ యాసను అనుకరించి నవ్వడం. ఇంట్లో ఏం తింటారని అడిగి ముక్కు మూసుకోవడం. అమ్మానాన్నలు చేసే పనిని ఎత్తిచూపడం. అన్నం దగ్గర పక్కన కూర్చోకపోవడం. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ల చేత బట్టలు ఉతికించుకోవడం, బకెట్లు మోయించుకోవడం. ఈ మధ్య ఫోన్లు వచ్చాక, నిద్రపోతున్న పిల్లల ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం కూడా మొదలైంది. వీటిలో ఏ ఒక్కటీ ఒంటి మీద గాయం చేయదు. అందుకే పెద్దవాళ్ల కంటికి కనబడదు.

వీటన్నిటిలోకీ లోతుగా దిగేది ఒకటుంది. తరగతిలో ఒక పెన్నో, ఇరవై రూపాయలో కనబడకుండా పోతాయి. అందరి కళ్లూ ఎవరివైపు తిరుగుతాయి? ఎవరి పెట్టె ముందు తెరుస్తారు? ఈ సభలో కూర్చున్న చాలామందికి దీనికి జవాబు వేరే చెప్పనక్కర్లేదు. ఆ పెన్ను తర్వాత ఎక్కడో బెంచీ కింద దొరుకుతుంది. ఆ బిడ్డ మీద పడిన చూపు మాత్రం వెనక్కి పోదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ చూపు ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలియాలి. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో వచ్చిన కొత్త చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ, అంటే మన ప్రాంతానికీ వర్తించింది. ఎరుకల, యానాది, సుగాలి వంటి సమూహాలు ఆ జాబితాల్లోకి ఎక్కాయి. నేరం చేసినవాణ్ని పట్టుకోవడానికి కాదు ఆ చట్టం. ఆ జాతిలో పుట్టడాన్నే నేరంగా చూసిన చట్టం అది. మనుషుల వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేయించుకోవాలన్నారు. ఊరు దాటితే చెప్పి పోవాలన్నారు. కొన్ని కుటుంబాలను తెచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే.

అంతకుముందు వీళ్లు ఎవరు? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సముద్రతీరం నుంచి పైనాడుకు తిరిగిన వర్తకులు. బుట్టలు, తట్టలు అల్లి ఊరికి ఇచ్చినవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వర్తకం దెబ్బతిన్నది. బతుకు తెరువు పోయినవాళ్ల మీద నేరం ముద్ర పడింది. స్వతంత్రం వచ్చినాక 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేశారు. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాము. చట్టం పోయింది, కానీ ఆ మాట నోటినుంచి నోటికి దిగుతూ ఆరో తరగతి పిల్లల దాకా వచ్చింది. ఆ మాట అనే పిల్లవాడికి 1871 అంటే ఏమిటో తెలియదు. పడే పిల్లవాడికీ తెలియదు. తెలియకపోవడం వల్లే "నిజంగా మాలోనే ఏదో తప్పు ఉన్నట్టుంది" అనుకుంటాడు. తప్పు చట్టానిది, నీది కాదు నాయనా అని వాడికి ఎవరో ఒకరు చెప్పాలి. చదువుకున్న మీరే చెప్పాలి.

ఇది చిన్న పిల్లలతో ఆగిపోయే సంగతి కూడా కాదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న డాక్టర్ ధారావత్ ప్రీతి మనకు దక్కకుండా పోయింది. లంబాడా బిడ్డ. ఎంబీబీఎస్ పూర్తిచేసి, అనస్థీషియాలో సీటు తెచ్చుకున్న బిడ్డ. సీనియర్ వేధిస్తున్నాడని ఇంట్లో చెప్పుకుంది. వాట్సాప్ గ్రూపులో నలుగురి ముందూ తక్కువ చేసిన మాటల గురించి పోలీసులే విలేకరులకు చెప్పారు. ఎవరి తప్పు ఎంతో తేల్చడం కోర్టు పని. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. చదువులో అంత ఎత్తుకు పోయినా, ఇంట్లో చెప్పుకున్నా, ఆ బిడ్డను కాపాడుకోలేకపోయాము. ఆ గ్రూపులో, ఆ వార్డులో ఇంకా ఎంతోమంది ఉన్నారు.

ఇప్పుడు ఆ "ఎంతోమంది" గురించే చెప్పాలి. వేధించేవాడు ఒకడు, పడేవాడు ఒకడు అనుకుంటాము. కానీ చుట్టూ పదిమంది ఉంటారు. ఇద్దరు నవ్వుతారు, నలుగురు చూస్తారు, మిగతావాళ్లు తల దించుకొని పోతారు. ఫిన్లాండులో టుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు కీవా అనే పద్ధతిని తయారుచేసి బళ్లలో పెట్టారు. అందులో పాఠాలు ఎక్కువగా ఈ చూసేవాళ్ల కోసమే. నవ్వేవాళ్లు నవ్వడం మానితే, ఒక్కరు పోయి పడినవాడి పక్కన నిలబడితే, వేధించేవాడికి ఆ పనిలో రుచి పోతుంది. మేము హాస్టళ్లలో చూసిందీ అదే. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి తన ప్లేటు తీసుకొని పోయి, ఎవరూ పక్కన కూర్చోని చిన్నదాని పక్కన కూర్చుంటే చాలు. వారం తిరక్కుండా ఆ బంతిలో ఇంకో ఇద్దరు చేరతారు.

హాస్టళ్లలో మేము పాటించే పద్ధతులు కొన్ని చెప్తాము. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు. కొత్తగా చేరిన ప్రతి బిడ్డకూ ఒక పెద్ద తరగతి బిడ్డను తోడుగా పెడతాము. హాజరు పూర్తి పేరుతోనే పిలుస్తాము. పిల్లలనూ అలాగే పిలవమంటాము. ఏదైనా వస్తువు పోతే ఏ ఒక్కరి పెట్టే తెరవము. పోయిన వస్తువు ఎవరికి దొరికినా ఆఫీసు గది బయట ఉన్న డబ్బాలో వేసి పోవచ్చు, ఎవరూ అడగరు. చాలాసార్లు పొద్దునకల్లా వస్తువు అందులో ఉంటుంది. భోజనాల వరసలో చిన్నపిల్లలు ముందు. రాత్రి దీపాలు ఆర్పేముందు గదుల్లోకి పోయి కాసేపు కూర్చుంటాము. పిల్లలు పగలు చెప్పని మాటలు ఆ వేళకు చెప్తారు.

ఎవరైనా వచ్చి చెప్తే అందరి ముందూ విచారించము. ఇద్దరినీ విడివిడిగా పిలుస్తాము. "చేతులు కలపండి, మరిచిపోండి" అని వెంటనే తేల్చేయము. బలం సమానంగా లేనిచోట రాజీ అంటే పడినవాడు మళ్లీ పడడమే. వేధించిన పిల్లవాణ్ని కొట్టము. 2009 విద్యా హక్కు చట్టం పిల్లలను కొట్టకూడదు, మానసికంగా హింసించకూడదు అంటుంది. అదొక్కటే కారణం కాదు. చేయి చేసుకుంటే వాడు నేర్చుకునేది ఒకటే, బలం ఉన్నవాడు కొట్టవచ్చునని. ఇంట్లో తాగి వచ్చిన నాయన చేత దెబ్బలు తిన్న పిల్లవాడే ఇక్కడ చిన్నవాణ్ని కొట్టడం మేము చూశాము. వాడికీ ఒక మనిషి కావాలి.

మన ఇంటి మాట కూడా కొంచెం చెప్పుకోవాలి. కోపం తెచ్చుకోకండి. బయటివాళ్లు మనల్ని అంటే మండిపడతాము. మనలో మనం ఏం చేస్తున్నాము? ఒక జాతి పిల్లలు ఇంకో జాతి పిల్లలను తక్కువగా చూడడం, సంఖ్య తక్కువున్న యానాది పిల్లలను పక్కకు నెట్టడం మన హాస్టళ్లలోనే ఉంది. పండగకు ఇంటికి వచ్చిన పిల్లలు పెద్దల నోట విన్న మాటలనే పెట్టెలో సర్దుకొని తిరిగి వస్తారు. ఇంట్లో మాట మారితే గదిలో మాట మారుతుంది.

చట్టాలు కూడా తెలిసి ఉండాలి. కాలేజీలకు పోతున్న మీకు 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం అండగా ఉంది. ఎగతాళి చేసి అవమానించినా 6 నెలల దాకా జైలు శిక్ష ఉంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురికీ కనబడే చోట జాతి పేరుతో దూషించడం నేరం. బడిపిల్లల మీద కేసులు పెట్టించడం మన ఉద్దేశం కాదు. 18 ఏళ్ల లోపు వాళ్ల సంగతి చూడడానికి జువెనైల్ జస్టిస్ బోర్డులు వేరే ఉన్నాయి. కానీ ఎవరైనా బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసినా, బట్టలు లేకుండా ఫోటోలు తీసినా, అది హాస్టల్లో సర్దుకొనే విషయం కాదు. వెంటనే చెప్పాల్సిందే.

ఈ నంబర్లు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. పిల్లల కోసం 1098. కాలేజీ ర్యాగింగ్ మీద యూజీసీ వాళ్ల 1800 180 5522. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలకు 14566. మనసు బాగా కుంగిపోయి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416. ఫోన్లో వచ్చిన తిట్లను, ఫోటోలను కోపంతో చెరిపేయకండి; స్క్రీన్‌షాట్ తీసి దాచిపెట్టి పెద్దవాళ్లకు చూపించండి.

చివరగా యువతను మేము కోరేది మూడు పనులు. మీ ఊరి పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారో కనుక్కొని నెలకొకసారి ఆదివారం పోయి కనబడండి. అన్న ఒకడు వచ్చి పోతాడని తెలిసిన బిడ్డ జోలికి పోవడానికి ఎవరైనా ఆలోచిస్తారు. పోయినప్పుడు "మార్కులెన్ని?" అని మొదలుపెట్టకండి. "అన్నం ఎవరి పక్కన కూర్చొని తింటావు?" అని అడగండి. ఆ బిడ్డ వెంటనే ఒక పేరు చెప్తే పరవాలేదు. చెప్పలేకపోతే మాకు చెప్పండి. మూడోది, పండగ సెలవులు అయిపోయిన మరుసటి రోజు మీ వీధిలో ఏ బిడ్డ ఇంకా ఇంట్లోనే ఉందో చూడండి. వలస పోకముందే, పేరు కొట్టేయకముందే, ఆ గడప దగ్గర కూర్చొని మాట్లాడండి. మీరు పిలిస్తే ఆ బిడ్డ వస్తుంది. ఎందుకంటే మీరు దాన్ని దాని పేరుతో పిలుస్తారు.