చలితో నొప్పికి చికిత్స

ఊడ్పులలో వంగి వంగి నడుము పట్టిన స్త్రీలును, తాడేపల్లిగూడెము ఉల్లి బజారులో బస్తాలు మోసి మోకాళ్లరిగిన కూలీలును లేని గ్రామము మన ప్రాంతమున కానరాదు. ఈ నొప్పులను మన పెద్దలు వాతమందురు. వాతమునకు చలి పడదు, తైలమును కాపడమును హితమని ఆయుర్వేదము. అట్టి నొప్పికి చలినే మందుగా వాడుదురనిన మీకు వింతగా తోచును. అయితే ఈ చలి కీలునకు గాదు, నరమునకు.

కొల్లేటి చెంత కైకలూరు, ఆకివీడులలో చేపలను మంచుతో పెట్టెల కెత్తువారి నడుగుడు. కొంతసేపటికి వ్రేళ్లు తిమ్మిరెక్కి స్పర్శయే తెలియదందురు. 1807లో ఐలో యుద్ధమున నెపోలియను సేనావైద్యుడు లారే ఈ గుణమునే గమనించెను. గడ్డకట్టు చలిలో అవయవములను ఖండించినపుడు సైనికులకు బాధ తక్కువగా నుండెనట. పిమ్మట ఇంగ్లండున జేమ్సు ఆర్నాటు మంచును ఉప్పును కలిపి నొప్పులకు వాడెను.

నేటి వైద్యుడు స్కానింగు తెరపై చూచుచు, సూదివంటి శలాకను నొప్పి వార్తను మోయు నరము చెంతకు చేర్చును. శలాకలోని వాయువు సన్నని రంధ్రమున వెలువడి వ్యాకోచించుటచే దాని కొన సున్నకు దిగువ 70 డిగ్రీల వరకు చల్లబడి, చుట్టును చిన్న మంచుగుండు కట్టును. నరములోని తంతువు తెగును గాని దాని తొడుగు చెడదు. పశువు మేసిన గరిక మరల చిగిర్చినట్లు, తంతువు ఆ తొడుగువెంట దినమునకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగును. అందాక, కొన్ని వారములో నెలలో, నొప్పి వార్త మెదడున కందదు.

కావున నరము శాశ్వతముగా చచ్చునను భయము వలదు. అరిగిన కీలు బాగగునను ఆశయు వలదు. ఆ నెలలలో నొప్పిమాత్రలు తగ్గి, మనిషి నాలుగడుగులు వేయగలిగిన, నా దృష్టిలో అదియే గొప్ప లాభము. ముందుగా మత్తుసూది వేసి, ఆ నరమే నొప్పికి మూలమా యని పరీక్షింతురు. కాలుసేతులను కదల్చు నరముల జోలికి సామాన్యముగా పోరు. చలి తగిలిన దద్దురులు లేచువారును, వ్రేళ్లు తెల్లబారువారును ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇది విని ఇంటిలో మంచుగడ్డను మోకాలికి కట్టుకొని నిదురింపకుడు. మధుమేహముచే పాదముల స్పర్శ తగ్గినవారికి చర్మము కాలినట్లు చెడినను తెలియదు. ఈ చికిత్స ప్రతి ఆసుపత్రిలో దొరకదు. నొప్పి చికిత్సను ప్రత్యేకముగా నేర్చిన మత్తువైద్యుల యొద్ద విచారింపుడు.